రెండు కిలోమీటర్ల 195 మీటర్ల శిస్తు

తెల్లవాడు 1947లో మన దేశం విడిచి వెళ్లిపోయాడని అందరూ అనుకుంటారు. మొన్న జనవరి దాకా నేనూ అలాగే అనుకున్నాను. లంబసింగి కొండల్లో మారథాన్ పరిగెత్తాక తెలిసింది, ఇంకా కొంత మిగిలే ఉన్నాడని. సరిగ్గా 2 కిలోమీటర్ల 195 మీటర్లు. అదీ ఎత్తు మీద.

ఆధారాలు లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ సుమారు 40 కిలోమీటర్లు. గుండ్రటి అంకె. మనిషన్నవాడు పరిగెత్తదగ్గ దూరం (కాదు గానీ, వాదన కోసం ఒప్పుకుందాం). 1908లో లండన్ వంతు వచ్చింది. వాళ్లు పరుగును విండ్సర్ కోటలో మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ఎదురుగా ముగించారు. కొలిస్తే 26 మైళ్ల 385 గజాలు. మన లెక్కలో 42.195 కిలోమీటర్లు. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ఆ కొలతనే ఖాయం చేసింది. రాణిగారి కుర్చీ కాస్త ఇవతలికి వేసి ఉంటే నా ఎడమకాలి బొటనవేలి గోరు ఇవాళ వేలికే ఉండేది.

ఆ లండన్ పరుగులోనే డొరాండో పియెట్రి అనే ఇటలీ మిఠాయి పనివాడు అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చాడు. అప్పటికి 26 మైళ్లు అయిపోయాయి. ఆ మిగతా గజాల్లో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చూడలేక అధికారులు పట్టుకుని గీత దాటించారు. సాయం తీసుకున్నాడని పతకం ఇవ్వలేదు. మర్నాడు రాణిగారు జాలిపడి ఒక కప్పు ఇచ్చింది. ముంచిందీ ఆవిడే, ఓదార్చిందీ ఆవిడే.

ఇక నా సంగతి. సాధన కోసం నాలుగు నెలలు తెల్లవారుజామున లేచాను. కార్బో లోడింగ్ (పరుగుకి ముందు ఒంట్లో పిండిపదార్థం నింపుకోవడం) పేరిట పండగ అరిసెలు ముందే చేయించుకుని తిన్నాను. "పాల ప్యాకెట్ తేవడానికి బండి తీసే మనిషి కొండలెక్కుతారట!" అని మా ఆవిడ అరిసెల డబ్బాతోనే చెప్పింది.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉన్నవాడు పొద్దుటికి కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం. ఐదున్నరకి చీకట్లో, పొగమంచులో, పలచటి బనీను మీద బిబ్ (పరుగు నంబరు చీటీ) తగిలించుకుని నిలబడ్డప్పుడు ఆ పేరు పెట్టినవారి భాషాజ్ఞానానికి దణ్ణం పెట్టాను. రెండు చేతులూ అప్పటికే దగ్గరగా బిగుసుకుని ఉన్నాయి కాబట్టి శ్రమ కలగలేదు.

మొదట దిగుడు. దిగుడే కదా అని హాయిగా వదిలేశాను. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బ్రేకు వేయాలని, ఆ అరుగుదల మర్నాడు గానీ బయటపడదని ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఇయర్‌ఫోన్స్‌లో పాటలున్నాయి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు చూసి "ఆహా" అన్నాను. తిరుగు ప్రయాణంలో అవే తీగలు చూసి, పట్టుకుని వేలాడితే బరువు ఆగుతుందా అని లెక్క కట్టాను.

నర్సీపట్నం నుంచి ఈ కొండల మీదుగా చింతపల్లి వెళ్లే రోడ్డుని వందేళ్ల కిందట గిరిజనుల చేత వేయించారు. బాస్టియన్ అనే అధికారి అరాకొరా కూలి పడేసి, హింసించి పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం తిరగబడడానికి ఆ రోడ్డు పని కూడా ఒక కారణం. నేనేమో అదే రోడ్డు మీద నలగడానికి రెండు వేలు కట్టి, టీషర్ట్ సైజు కూడా రాసిచ్చాను. దూరం ఖాయమైంది 1921లో, తిరుగుబాటు మరుసటి ఏడాది. రెండింటికీ సంబంధం లేదని చరిత్రకారులు అంటారు. వాళ్లలో ఎవరూ 40వ కిలోమీటరు దగ్గర ఎత్తు ఎక్కి ఉండరు.

32 దాటాక ఒంట్లో దాచుకున్న ఇంధనం, గ్లైకోజెన్, ఖాళీ అయింది. అరిసెలు ఏమయ్యాయో తెలియదు, పొట్ట మాత్రం అలాగే ఉంది. వెనక నుంచి ఆర్టీసీ బస్సు వచ్చి నా పక్కన స్లో అయింది. కండక్టర్ కిటికీలోంచి తల పెట్టి, "ఎక్కండి సార్, సీటుంది" అన్నాడు. నాలుగు నెలల సాధనలో నన్ను ఇంత ప్రేమగా పిలిచినవాళ్లు లేరు. ఎక్కనని తల ఊపాను. బస్సులో జనమంతా ఇంట్లో గొడవపడి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

40 దగ్గర రోడ్డు తిన్నగా ఉంది, పక్కనే టీకొట్టు, కట్టెల పొయ్యి మీద మరుగుతున్న టీ. ఏథెన్స్ లెక్క ప్రకారం నా మారథాన్ అక్కడ అయిపోయింది. కానీ లండన్ లెక్క కోసం నిర్వాహకులు మమ్మల్ని పక్కదారిలో కొండ ఎక్కించి మళ్లీ అక్కడికే దింపారు. 6 గంటల 51 నిమిషాలకి గీత దాటాను. కటాఫ్ ఏడు గంటలు. మెడల్ మెడలో వేస్తే బరువుకి ముందుకి తూలాను.

కాబట్టి నా డిమాండ్ ఒకటే. ఆ పై రెండు కిలోమీటర్ల 195 మీటర్లనీ వెంటనే రద్దు చేయాలి. వెనకటి తేదీ నుంచి అమలు చేసి, నా టైములోంచి 28 నిమిషాలు తగ్గించాలి. పియెట్రికి పతకం ఇవ్వాలి.

ఈ మాటలే తోటి రన్నర్లకి ఆవేశంగా చెబుతూ వాచ్ చూసుకున్నాను. 42.06 అని ఉంది. చెట్ల కింద శాటిలైట్ సరిగా అందక తక్కువ చూపించింది. పరుగుల లెక్కలు పెట్టే స్ట్రావా యాప్‌లో రేపు నలుగురూ చూస్తారు. ప్రసంగం ఆపేసి, కుంటుకుంటూ టీకొట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. రెండో చుట్టులో టీ పోసే ముసలమ్మ అడిగింది.

"ఏటి పడిపోనాది బాబూ, ఎతుకుతున్నావు?"

"నూట ముప్పై ఐదు మీటర్లు" అన్నాను.