ఎదగకుండా ఉండటం ఎలా?

వ్యాపారం పెంచుకోవడమెలాగో చెప్పే పుస్తకాలు బజారు నిండా ఉన్నాయి. పెరగకుండా జాగ్రత్తపడటం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం కనబడదు. మన దేశంలో నిజంగా అక్కరకొచ్చే విద్య ఆ రెండోదే.

1967లో కేంద్రం కొన్ని వస్తువుల్ని చిన్న పరిశ్రమలకే రిజర్వ్ చేసింది. 47తో మొదలైన జాబితా తర్వాత్తర్వాత ఎనిమిది వందలు దాటింది. కొవ్వొత్తులు, తాళంకప్పలు, స్టీలు బీరువాలు, ఆఖరికి పచ్చళ్లు కూడా. చిన్నవాళ్ల పొట్ట కొట్టకూడదన్నదే ఉద్దేశం, కాదనను. కానీ చిన్న అంటే ఎంత? యంత్రాల మీద పెట్టిన డబ్బును బట్టి, 1991లో 60 లక్షలు. వ్యాపారం బాగుందని ఇంకో మిషన్ కొని గీత దాటారో, లైసెన్సు తెచ్చుకోవాలి, అందులో రాసినంతకు మించి తయారు చేయకూడదు.

కాబట్టి బుద్ధిమంతుడు మిషన్ కొనడు, గోడ కడతాడు. పచ్చళ్ల షెడ్డు ఒకటే, బోర్డులు రెండు, కరెంటు మీటర్లు రెండు, బిల్లు బుక్కులు రెండు. ఇటు భర్త కంపెనీ, అటు భార్య కంపెనీ. మూడోది కావాలంటే బావమరిది ఉండనే ఉన్నాడు. ఆవపిండి బస్తాలు అటూ ఇటూ పోవడానికి గోడకో తలుపు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఆ తలుపుకి బీరువా అడ్డం పెడతారు. (స్టీలు బీరువా. అదీ రిజర్వ్ ఐటమే.)

వేరే దేశాల్లో కంపెనీ సత్తా అంటే మంచి సరుకు చవగ్గా చేయడమట. పాపం, వాళ్లకి గోడ కట్టడం రాదు.

2015 ఏప్రిల్‌లో ఆ జాబితాలో మిగిలిన ఆఖరి 20 వస్తువుల్నీ తీసేశారు, పచ్చళ్లతో సహా. ఇక గోడలు కూలతాయని కొందరు ఆశపడ్డారు. ఎందుకు కూలతాయి? చిన్న వ్యాపారాల కోసం పెట్టిన జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్‌లో కోటిన్నర టర్నోవర్ దాకా పన్ను ఒక్క శాతమే. భార్యాభర్తలకు చెరో కోటిన్నర. దాంపత్యం వల్ల ఇంత లాభముందని పెళ్లిళ్ల పేరయ్యలు కూడా చెప్పలేదు.

ఇక పనివాళ్ల సంగతి. 1948 నాటి చట్టం ప్రకారం కరెంటుతో పనిచేసే చోట పది మంది ఉంటే అది ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ నిబంధనలన్నీ నెత్తిన పడేవి. అందుకని రిజిస్టర్‌లో తొమ్మిది పేర్లే. పక్కన ముక్కుకి తుండు కట్టుకుని మిరపకాయలు ఆడిస్తున్నవాడెవడంటే, "మా చుట్టాలబ్బాయండీ, ఊరికే చూసిపోదామని వచ్చాడు" అనేవారు.

2020లో తెచ్చిన కొత్త కార్మిక చట్టం (కోడ్) ఆ పదిని ఇరవై చేసింది. చుట్టాలబ్బాయికి రిజిస్టర్‌లో చోటు దొరికినట్టే. ఇప్పుడు ఇరవయ్యోవాడికి చుట్టరికం వెతుకుతున్నారు.