సూపర్ బిల్టప్ జుట్టు

బంగారానికి గీటురాయి ఉంది. పట్టుచీర జరీకి గోరు ఉంది, పుచ్చకాయకు వేలు ఉంది, బెండకాయకు తుంచి చూసే చివర ఉంది. ఇన్ని పరీక్షలు కనిపెట్టిన తెలుగు జాతి, నెత్తిన పెట్టుకొని నలుగురిలోకి వెళ్లవలసిన విగ్గుకు మాత్రం ఒక పరీక్ష అంటూ ఏర్పాటు చేయకపోవడం విచారకరం. థైరాయిడ్ మాత్రలు ఇంట్లోకి వచ్చిన ఏడాదికల్లా జుట్టు ఇంట్లోంచి వెళ్లిపోయినందువల్లనూ, మా మరిది కూతురి పెళ్లి దగ్గర పడినందువల్లనూ, 7,999 రూపాయలను అడ్డంగా కొట్టివేసి 2,199 అని రాసి ఉన్న ఒక సింథటిక్ లేస్ ఫ్రంట్ విగ్గును నేను ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆ అర్హతతో ఈ లోపాన్ని పూరించే బాధ్యతను, ఎవరూ అప్పగించకపోయినా, స్వీకరిస్తున్నాను.

లేస్ ఫ్రంట్ అంటే ఏమిటో తెలుసుకోవలసిన అవసరం ఇంతవరకూ రాని అదృష్టవంతుల కోసం రెండు మాటలు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నుదుటికి ఆనుకొని, దోమతెర కంటే పలుచని వల ఒకటి ఉంటుంది. దాని కన్నాలలోంచి సన్నని కొక్కెం సూదితో వెంట్రుకలను లాగి ఒక్కొక్కటిగా ముడివేస్తారు కనుక, అవి మన నుదుటి మీదనే మొలిచినట్టు కనిపించాలని శాస్త్రం. నుదుటి నుంచి నాలుగంగుళాలు దాటిన తరువాత శాస్త్రం ముగుస్తుంది. వెనక అంతా మిషను మీద బారులుగా కుట్టిన జుట్టు పట్టీలను సాగే టోపీకి అతికించడమే. వీధి వైపు గ్రానైటు పలకలు, పెరటి వైపు గిలాబా కూడా లేని ఇటుక గోడ ఉన్న ఇళ్లను మనం ఎన్ని చూడలేదు! పద్ధతి అదే, కట్టిన చోటు మాత్రం నెత్తి.

ఇళ్ల ప్రసక్తి ఎలాగూ వచ్చింది కనుక చెబుతున్నాను, విగ్గుల కొలతలు చదవడానికి హైదరాబాదులో ఫ్లాటు కొన్న అనుభవం చాలా పనికివస్తుంది. పదమూడు బై నాలుగు అన్నారంటే, చెవి నుంచి చెవికి పదమూడు అంగుళాలు, నుదుటి నుంచి వెనక్కి నాలుగు అంగుళాలు నిజమైన లేసు ఉందని అర్థం. అందులో పాపిడిని కుడికో ఎడమకో మన ఇష్టం వచ్చిన చోట తీసుకోవచ్చు. అలా కాక ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో, నుదుటి అంచున సన్నని గీత ఒకటీ, పాపిడి కోసం మధ్యన మరొక గీతా మాత్రమే లేసుతో చేసి, మిగతాదంతా మిషను కుట్టుతో పూర్తి చేసిన సరుకు కూడా లేస్ ఫ్రంట్ అన్న పేరుతోనే అమ్ముడుపోతుంది. దానిలో పాపిడి జన్మకు ఒక్కసారే. జాతకం లాగా, మార్చడానికి వీలు లేదు. ప్రకటనలో చూపించేది సూపర్ బిల్టప్ ఏరియా, తల దూర్చిన తరువాత తెలిసేది కార్పెట్ ఏరియా. నాకు వచ్చినది రెండో రకమని పెట్టె విప్పాక తెలిసింది. మెట్లూ, లిఫ్టూ, వాచ్‌మన్ గదీ అన్నీ కలిపి నా జుట్టులో వేసి ఉన్నారు.

తరువాత సాంద్రత. ఇది శాతాలలో ఉంటుంది. నూట ముప్పై, నూట యాభై, నూట ఎనభై. దేనికి నూట ఎనభై శాతమని అడిగే అలవాటు మనకు లేదు. పదో తరగతిలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడిని కూడా మిగతావి ఏమయ్యాయని అడిగే సమాజంలో నూట యాభై శాతం జుట్టు ఉండడం సహజమే అనిపిస్తుంది. నిజానికి మామూలు మనిషి తలకు దగ్గరగా ఉండేది నూట ముప్పై లోపలిదే; అంతకు మించినదేదైనా, యాభై దాటిన ఆడమనిషి నుదుటి మీద, పౌరాణిక నాటకంలో రెండో అంకం మధ్యలో లేచి వచ్చినట్టు కనిపిస్తుంది. నేను నూట ఎనభై తెప్పించుకున్నాను. డబ్బుకు గిట్టుబాటు కావాలి గదా!

ఇక అసలైన పరీక్ష కిటికీ దగ్గర జరగాలి. విగ్గును తిరగేసి, లేసును వెలుతురుకు ఎత్తిపట్టి ముడులను చూడాలి. దేవుడు నుదుటి అంచున జుట్టును వెదజల్లు పద్ధతిలో చల్లాడు. అక్కడక్కడా ఒక వెంట్రుక, తరువాత రెండు, ఆ పైన ఒత్తుగా, వరుస లేకుండా, కొన్ని చోట్ల మొలక రాకుండా. నాణ్యమైన విగ్గులో మనిషి కూర్చొని ఆ అస్తవ్యస్తాన్ని ఓపికగా అనుకరిస్తాడు, అంచున ఒకటొకటిగా కట్టుకుంటూ వెళతాడు. చౌక విగ్గులో ముడికి మూడేసి, నాలుగేసి వెంట్రుకలు చొప్పున, వరుసల్లో వరి నాటినట్టు, అటు చూసినా ఇటు చూసినా తాడు లాగిన సాళ్లు కనిపిస్తాయి. వ్యవసాయ శాఖ అధికారులు చూస్తే సంతోషిస్తారు. పెళ్లికి వచ్చిన బంధువులు సంతోషించరని అనుకున్నాను కానీ, తరువాత జరిగినది చూస్తే వాళ్లూ సంతోషించారనే చెప్పాలి. అసలు జుట్టుతో చేసిన విగ్గులో ముడుల నలుపును బ్లీచుతో తగ్గించుకోవచ్చు. సింథటిక్ నారకు రంగు పుట్టుకతోనే లోపల కలిసి ఉంటుంది కనుక బ్లీచు దాని జోలికి పోలేదు. అందువల్ల అందులో ముడులు చుక్కలు చుక్కలుగా ఆవగింజ తాలింపు లాగా నుదుటి మీద శాశ్వతంగా ఉంటాయి.

లేసు రంగు విషయంలో తయారీదారుల దృష్టిలో ప్రపంచ జనాభా అంతా ఒకే చాయ. ఆ చాయ మా వంశంలో ఎవరికీ లేదు. తెలిసినవారు చెప్పిన ఉపాయం ఏమిటంటే, చిక్కని టీ డికాషన్ కాచి, చల్లార్చి, లేసు అంచును అందులో కాసేపు నానబెట్టాలి. నేను ఆ పని చేస్తుండగా మా వారు వంటింట్లోకి వచ్చి, గిన్నెలోకి చూసి, ఆ రోజుకు తనకు టీ వద్దని చెప్పి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన టీ వద్దనడం అదే మొదటిసారి. విగ్గు వల్ల ఆరోగ్యానికి కలిగే మేలును కూడా విలువలో లెక్క వేయాలని అందుకే అంటున్నాను.

నార సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మోసమంతా మెరుపులోనే ఉంది. ఈ రంగంలో పాత పేరు జపాన్ దేశపు కనేకా సంస్థ 1950ల చివరి నుంచి తయారు చేస్తున్న మోడాక్రిలిక్ అనే ప్లాస్టిక్ నారది. కనెకలాన్ అన్న దాని పేరు చెబితే ఆఫ్రికాలోనూ, అమెరికాలోనూ జడలు అల్లే ప్రతి ఆడమనిషికీ తెలుసు. మనిషి వెంట్రుక మీద చేప పొలుసుల వంటి పొర ఉండి వెలుతురును చెదరగొడుతుంది. ప్లాస్టిక్ పోగు నున్నగా ఉండి, పడిన వెలుతురును పడినట్టే తిప్పికొడుతుంది. కనుక ఇంట్లో ట్యూబులైటు కింద చక్కగా ఉన్న విగ్గు, పెళ్లి ఫొటోగ్రాఫరు ఫ్లాషు కొట్టగానే కొత్త స్కూటరు సీటు లాగా తళుక్కుమంటుంది. దీనికి విరుగుడు పౌడరు: చల్లి, దులిపి, మళ్లీ చల్లడం. రంగును ఎంచుకునేటప్పుడు కూడా మోసపోకూడదు. ఒకటి అన్న అంకె ఉన్నది కాకినలుపు, దాన్ని పెట్టుకున్న మనిషి ఎదురుగా వస్తుంటే ముందు విగ్గు వచ్చి, వెనక మనిషి వస్తుంది. ఒకటి-బి అన్నది మసక నలుపు, మన తలలకు దగ్గరగా ఉండేది అదే.

అసలు జుట్టో, నారో తెలుసుకోవడానికి ఒక పోగును కాల్చి చూడమంటారు. అసలు వెంట్రుక కమురు వాసన వేసి, వేళ్ల మధ్య నలిగితే బూడిద అవుతుంది; నార కరిగి గట్టి పూస కడుతుంది. ఈ పరీక్ష చరిత్రలో అతి పెద్ద ఎత్తున జరిగినది 2004 మే నెలలో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధులలో. సంప్రదాయ యూదు స్త్రీలలో చాలామంది పెళ్లయ్యాక తమ జుట్టును కప్పుకోవడానికి విగ్గు ధరిస్తారు. ఆ విగ్గులలోని జుట్టు తిరుమల కళ్యాణకట్టలో మొక్కుగా సమర్పించినదైతే, అది అన్యదేవతారాధనకు చెందినది కనుక వాడరాదని జెరూసలేంలోని యూదు మతగురువు రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ తీర్పు చెప్పారు. వెంటనే ఎంతో ఖరీదు పెట్టి కొన్న విగ్గులను తెచ్చి వీధిలో మంటల్లో వేశారు. చాలామంది సింథటిక్ విగ్గులకు మళ్లారు. ప్లాస్టిక్ జుట్టు అసలు జుట్టు కంటే పవిత్రమైనదిగా నిలబడిన ఘట్టం నాకు తెలిసి అదొక్కటే. మన తలనీలాలు దేవస్థానంలో పొడవును బట్టి వేరుపడి, వేలంలో అమ్ముడుపోయి, సముద్రాలు దాటి ఎవరి తల మీదికో చేరుతుండగా, అదే కొండ ఉన్న తెలుగునాట కూర్చొని నేను చైనా నుంచి ప్లాస్టిక్ పోగులు తెప్పించుకోవడంలో ఉన్న అర్థశాస్త్రం నాకు ఇప్పటికీ బోధపడలేదు. మా అత్తగారు బతికి ఉంటే, ఇచ్చిన మొక్కును మరో దారిన వెనక్కి అడిగినందుకు చెంపలు వేసుకోమనేవారు.

పెళ్లినాటి రాత్రి రిసెప్షనులో జరిగినదానిని పరీక్ష అనాలో, ప్రమాదం అనాలో పాఠకులే నిర్ణయించాలి. వేడిని తట్టుకొనే నార అని వేరే ఒక రకం ఉంది. దాని మీద నూట డెబ్బై డిగ్రీల దాకా ఇస్త్రీ చేసినంత పని చేసినా ఓర్చుకుంటుందంటారు, కానీ ఆయుష్షు తక్కువ. నాది ఆ రకం కాదు. మామూలు మోడాక్రిలిక్‌కు ఒక సుగుణం ఉంది, అది చప్పున అంటుకోదు. అంటుకోదు గానీ, ఆవిరి తగిలితే ముడుచుకుపోతుంది. భోజనాల దగ్గర మా మరిది వచ్చి, "వదినా, ఒక్కసారి ఉప్పు చూసి చెప్పండి, వంటవాళ్లను నమ్మలేం" అన్నాడు. వెళ్లాను. దమ్ పెట్టిన గుండిగ చుట్టూ ఉన్న పిండి కట్టును వంటవాడు చాకుతో కోసి, మూత ఎత్తడమూ, నేను పెద్దరికంగా ముందుకు వంగడమూ ఒకేసారి జరిగాయి. ఆవిరి ముఖానికి కొట్టింది. కళ్లు తుడుచుకొని లేచేసరికి, కుడి కణత మీద సొగసుగా జారవిడిచిన పాయ చివరలు మాడిన సేమ్యాలాగా పైకి చుట్టుకొని ఉన్నాయి. వంటవాడు నా వంక చూసి, గుండిగ వంక చూసి, బిర్యానీలో ఏమైనా పడిందేమోనని గరిటెతో ఒకసారి కలియబెట్టాడు. ఉప్పు సరిపోయిందని చెప్పి వచ్చేశాను. నిజానికి కొంచెం తక్కువైంది.

మా పెద్ద ఆడపడుచు నన్ను గది మూలకు తీసుకువెళ్లి, పాయను వేలికి చుట్టి చూసి, "ఏమ్మా, ఎంత పెట్టావు దీనికి?" అని అడిగారు. విలువ కట్టడమంటే అదీ. ఆన్‌లైన్‌లో అయిదు నక్షత్రాలు ఇచ్చిన వారందరూ ప్యాకింగు బాగుందని, చెప్పిన రోజుకే వచ్చిందని రాశారు తప్ప, పెట్టుకొని ఒక పూట బయట తిరిగామని ఒక్కరూ రాయలేదు. నా లెక్క ఇది: కొన్న ధరను పెట్టుకున్న పూటలతో భాగించాలి. పెళ్లి, రిసెప్షను, తరువాత సత్యనారాయణ వ్రతం. వెరసి మూడు సార్లు. అంటే 2,199ని మూడుతో భాగిస్తే పూటకు 733 రూపాయలు. రోజూ వాడితే మూడు నుంచి ఆరు నెలలు వస్తుందని అంటారు కనుక, రోజూ పెట్టుకునేవారికి ఇది పూటకు పాతిక రూపాయలలోపే పడి, నిజంగానే చవక. కీమోథెరపీలో జుట్టు పోయి, కొన్ని నెలల పాటు తల బరువు లేకుండా, సెలూన్ ఖర్చు లేకుండా గడిపేయాలనుకునేవారికి దీనిని మించినది లేదన్నది మాత్రం ఎగతాళి కాదు. ఉతికి ఆరేస్తే దువ్వకుండానే పాత వాటం మళ్లీ వచ్చేస్తుంది, ఆ గుణం అసలు జుట్టుకు లేదు. ఇంగ్లండులో బారిస్టర్లు గుర్రపు వెంట్రుకల విగ్గులు పెట్టుకుంటారు, రావెన్స్‌క్రాఫ్ట్ అన్న ఆయన 1822లో పేటెంటు పొందిన నమూనా అది. అక్కడ విగ్గు ఎంత పసుపుబారి, ఎంత చిరిగితే అంత సీనియారిటీ. మన విగ్గు చివరలు చిక్కుపడి, మెడ దగ్గర పీచు కట్టిన రోజున ఎవరూ లేచి నిలబడరు.

ఉతకడం గురించి కూడా ఒక మాట. బకెట్టులో చల్లని నీళ్లు, కొద్దిగా షాంపూ. రుద్దకూడదు, పిండకూడదు, తడి మీద దువ్వకూడదు. స్టాండు లేదు కనుక బోర్లించిన ఇత్తడి బిందె మీద ఆరబెట్టి, బాల్కనీ నీడలో ఉంచాను. తెల్లవారి పని మనిషి వచ్చి, మా వారి తల్లి తిరిగి వచ్చిందనుకొని చీపురు వదిలేసి కిందికి పరుగెత్తింది. వాస్తవికతకు ఇంతకంటే నిష్పాక్షికమైన సాక్ష్యం దొరకదు. ఆ రోజున ఈ విగ్గుకు నేను స్వయంగా ఒక నక్షత్రం పెంచాను.

విలువ లెక్క అక్కడితో తేలి ఉండేది. ఈ నెల మొదట్లో మా పెద్ద ఆడపడుచు కూతురి పురిటికని డల్లాస్ ప్రయాణమై, సర్దుకున్న పచ్చళ్ల డబ్బాల మధ్య నుంచి తల ఎత్తి, "అమ్మాయ్, ఆ రోజు పెట్టుకున్నావే, అది ఒకసారి ఇస్తావా? ఫొటోలు తీస్తారు గదా అక్కడ" అన్నారు. కాలిన పాయను కత్తిరించి, పౌడరు చల్లి, పాత టీ డబ్బాలో పెట్టి ఇచ్చాను. విజిటర్ వీసా మీద ఆమె ఆరు నెలలు ఉంటారు. విగ్గు ఆయుష్షూ అంతే. మొన్న వీడియో కాల్‌లో బారసాల చూపించారు. పిడికిలి నిండా ఒకటి-బి నలుపు పట్టుకొని పసివాడు లాగుతున్నాడు. ఆవిడ ఒక చేత్తో వాడిని, ఒక చేత్తో నుదుటిని పట్టుకొని నవ్వుతున్నారు. అది నాలుగో పూట. పూటకు 550 రూపాయలకు దిగింది.