అత్తమ్మ ఎక్కలేని కారుకు ఏడేళ్ల కంతులు

ఈ రోజు సాయంత్రం అనంతపురంలోని ఒక కార్ల షోరూం నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. మా అక్క భర్త ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. అన్ని ఖర్చులూ కలుపుకొని 9 లక్షలు దాటకుండా ఒక కారు చూసుకుందామని నన్ను తోడు తీసుకుపోయిన ఆ మనిషి, రెండు గంటలు తిరగకముందే ఆన్‌రోడ్ ధర 14 లక్షలయ్యే బండికి 21,000 రూపాయలు అడ్వాన్సు కట్టేశారు. ఫోన్ వస్తే మాట్లాడడానికి నేను పది నిమిషాలు బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి రసీదు బావ జేబులో ఉంది.

ఆ రెండు గంటల్లో అక్కడి కుర్రవాడు బావను చాలా విషయాలే అడిగాడు. జీతం ఎంత, ఏ బ్యాంకులో పడుతుంది, పాత కారు ఎక్స్‌చేంజికి ఇస్తారా, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు అని అన్నీ తెలుసుకున్నాడు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని, కారులో ఎవరెవరు కూర్చుంటారని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. కారు అమ్మేవాడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్నలు ఆ రెండే కదా! బావ బడి కళ్యాణదుర్గం రోడ్డు మీద 22 కిలోమీటర్ల దూరంలో ఉంది. పోనూ రానూ 44 కిలోమీటర్లు. రెండు నెలలకోసారి బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి పోయి వస్తారు, అది ఒక వైపుకు సుమారు 210 కిలోమీటర్లు. బడికి సెలవులు తీసేసి లెక్క వేస్తే ఏడాదికి 12,000 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. కూర్చునేది బావ, అక్క, మోకాళ్లు అరిగిపోయిన మా అత్తమ్మ, అంటే బావ తల్లి.

అత్తమ్మ కూడా మాతో పాటు వచ్చి, షోరూంలో గాజు తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలూ కూర్చునే ఉన్నారు. డబ్బు కట్టిన తరువాత, ఫోటో తీస్తాము రండి అవ్వా అని ఆ కుర్రవాడు పిలిస్తే ఆమె లేచి వచ్చారు. వెనుక తలుపు తెరిచి, సీటు అంచు మీద చెయ్యి వేసి, కుడి కాలు ఎత్తబోయి ఆగిపోయారు. రెండోసారి ఎడమ కాలితో ప్రయత్నించారు. ఆ సీటు ఆమెకు బాగా ఎత్తులో ఉంది. మూడోసారి ప్రయత్నించకుండా చెయ్యి తీసేసి, చీర కొంగుతో ఆ అంచు మీద పడిన తన చేతి ముద్రను తుడిచి, "ఎందుకులే నాయనా, నేను ఇంటి దగ్గరే ఉంటాలే, మీరు పోయి వస్తా ఉండండి" అన్నారు. పక్కకు ఒక మెట్టు బిగిస్తామని, దానికి వేరే బిల్లు అవుతుందని కుర్రవాడు చెప్పాడు. ఏ మనిషిని ఆసుపత్రికి, గుడికి, మనవరాలి దగ్గరికి తీసుకుపోవడానికి కారు కొంటున్నామో, ఆ మనిషి ఎక్కగలదో లేదో డబ్బు కట్టక ముందు ఎవరూ చూడలేదు. చూడనివారిలో నేనూ ఉన్నాను కాబట్టి నా బాధ రెట్టింపయింది.

ఇక డబ్బు సంగతి. బావ చేతిలో 5 లక్షలు ఉన్నాయి. ముందు అనుకున్నట్టు 4 లక్షలు అప్పు చేసి నాలుగేళ్లలో తీర్చివుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి నెలకు 10,050 రూపాయల దాకా కంతు పడేది, మొత్తం వడ్డీ 82,000 రూపాయలతో పోయేది. ఇప్పుడు 9 లక్షల అప్పు ఏడేళ్లకు రాసుకున్నారు. నెలకు 14,700 రూపాయలు. వడ్డీ ఒక్కటే 3 లక్షల 35 వేలు. షోరూంలో ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో కనిపించేది నెల కంతు మాత్రమే, మొత్తం వడ్డీ ఎవరూ నోటితో చెప్పరు. బావకు 57 ఏళ్లు. 62కు పదవీ విరమణ. అంటే జీతం ఆగిపోయి పింఛను మొదలైన తరువాత కూడా రెండేళ్ల పాటు ఆ కంతు కట్టాలి. చదువు చెప్పే మనిషికి ఈ లెక్క తెలియక కాదు, ఆ కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఈ నెలాఖరు దాకే ఆఫరు అని తొందరపెడితే ఎవరికైనా లెక్క చేసే తీరిక ఉండదు.

పన్నుల విషయం నన్ను ఇంకా మండిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి, పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1200 సీసీ మించని పెట్రోలు కార్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు, పైన ఉండే సెస్సునూ తీసేశారు. డీజిల్ అయితే 1500 సీసీ దాకా ఇదే రేటు. ఆ కొలతలు దాటిన కార్లకు 40 శాతం. బావ అనుకున్నది మొదటి రకం, బుక్ చేసినది 1500 సీసీ పెట్రోలు ఇంజనుతో నాలుగు మీటర్లు దాటిన రెండో రకం. ధర పెరిగే కొద్దీ లైఫ్ ట్యాక్స్ పెరుగుతుంది, బీమా పెరుగుతుంది, 10 లక్షలు దాటినందుకు, అమ్మేవాళ్లు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే టీసీఎస్ అనే పన్ను ఒక శాతం కూడా ముందుగా కట్టాలి. ఆ ఒక్క శాతం ఆదాయపు పన్ను లెక్కలో తిరిగి వస్తుంది, మిగిలినవి రావు. బీమా మనకు నచ్చిన ఏ కంపెనీలోనైనా తీసుకోవచ్చు, షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. అయినా కొటేషన్‌లో బీమా అంకె ముందే అచ్చయి ఉంటుంది.

ఇంతకీ ఆ అదనపు 5 లక్షలకు బావను ఒప్పించింది ఏమిటంటే సన్‌రూఫ్. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే అనంతపురంలో, మధ్యాహ్నం స్టీరింగు పట్టుకుంటే అరచేయి కాలే ఊరిలో, పైకప్పులో గాజు పలక పెట్టించుకొని ఏ వేళ తెరుస్తాము? పగలు ఎండ, సాయంత్రం లారీల వెనుక లేచే దుమ్ము. మన ఊర్లకు కావలసింది పది నిమిషాల్లో చల్లబరిచే ఏసీ, వెనుక సీట్లకు గాలి వచ్చే ఏర్పాటు, లేత రంగు సీట్లు. ఆ ఏసీని పరీక్షించాలంటే మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ కూర్చుని, మన పల్లె దారిలోని స్పీడ్‌బ్రేకర్ల మీద నడిపి చూడాలి. మాకు చూపించింది సాయంత్రం ఐదున్నరకు, ఇద్దరే కూర్చుని, నున్నటి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు.

ఈ మాటలు ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే నేనూ ఒకసారి ఇలాగే నష్టపోయాను. 2021లో ఒక షోరూంలో, మైలేజి బాగా వస్తుందన్న మాట నమ్మి డీజిల్ కారు తీసుకున్నాను. పెట్రోలు బండికన్నా లక్షన్నర ఎక్కువ. కిలోమీటరుకు మిగిలేది రూపాయి ఎనభై పైసల దాకా, అంటే ఆ లక్షన్నర తిరిగి రావడానికే 80,000 కిలోమీటర్లకు పైగా తిరగాలి. నేను తిరిగేది ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, ఏడాదికి 6,000 మించదు. అంతకన్నా ఘోరం, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటోంది. ఇంజను బాగా వేడెక్కి, కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. నాలుగు కిలోమీటర్లలో ఇంజను వేడెక్కేదెప్పుడు? మీటరు మీద పసుపు దీపం వెలిగిన ప్రతిసారీ, పనేమీ లేకపోయినా ఆదివారం పూట హైవే ఎక్కి గుత్తి దాకా పోయి వచ్చేవాడిని. మీరు రోజూ ఎంత దూరం పోతారు సార్ అని ఆ రోజు నన్ను ఒక్కరు అడిగి ఉంటే ఆ లక్షన్నర నా దగ్గరే ఉండేది.

అయితే షోరూం వాళ్లను ఎంత తిట్టుకున్నా, బావ మనసులో ఈ ఆశ నాటింది వాళ్లు కాదు. రెండు నెలల కిందట తాడిపత్రిలో మా దగ్గరి బంధువుల పెళ్లికి బావ తన పాత చిన్న కారులో వచ్చారు. కల్యాణ మండపం ముందు కారు దిగగానే, వరుసకు అన్న అయ్యే ఒకాయన పదిమంది ముందు "ఏం మాస్టారూ, ఇంకా ఈ డబ్బాలోనే తిరుగుతున్నావా, కూతురు బెంగళూరులో అంత సంపాదిస్తా ఉంటే" అన్నాడు. బావ నవ్వి ఊరుకున్నారు. భోజనాల దగ్గర మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు పల్లె పిల్లలకు లెక్కలు నేర్పి, ఇద్దరు పిల్లలను చదివించి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతికిన మనిషి విలువను ఆ రోజు కారు పొడవుతో కొలిచారు. ఆ అన్నవరుస ఆయన ఈ 84 కంతుల్లో ఒక్కటైనా కడతాడా? మన సీమలో మర్యాద పట్టింపు ఉండడం తప్పని నేను అనను, కానీ ఎదుటివాడి బండిని చూసి కుర్చీ వేసే అలవాటు ఎప్పుడు వచ్చిందో గాని, అది ఎంతోమంది జీతగాళ్లను అప్పుల్లోకి దించింది.

నన్ను అడిగితే బావకు 1200 సీసీ పెట్రోలు చిన్న కారు చాలు. సీటు ఎత్తు విషయంలో వ్యాగన్ ఆర్ పెద్దవాళ్లకు చాలా అనుకూలం, కిందికి వంగనూ అక్కరలేదు, పైకి ఎగబాకనూ అక్కరలేదు. కానీ 2023లో, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఢీకొట్టే పరీక్షలో పెద్దల రక్షణకు దానికి ఒక్క నక్షత్రమే వచ్చింది, లారీల మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు దాకా పోయే మనిషికి దాన్ని తీసుకోమని నా నోరు రాదు. టాటా పంచ్‌కు 2021లో అదే సంస్థ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు వచ్చాయి, పైగా దాని తలుపులు తొంభై డిగ్రీల దాకా తెరుచుకుంటాయి. అత్తమ్మ వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, ఆ తరువాత కాళ్లు లోపలికి తీసుకోవచ్చు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి, ఏ కారుకు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. పాత కారు ఇంకో ఏడాది నడుస్తుందంటే అదీ నాకు సమ్మతమే.

రాత్రి పది గంటలకు బావకు ఫోన్ చేసి ఈ లెక్కలన్నీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత "అమ్మ అన్నం సరిగ్గా తినలేదు" అన్నారు. రేపు ఉదయం షోరూం తెరవగానే ఇద్దరమూ పోతున్నాము. ఆ 21,000 మొత్తం తిరిగి ఇస్తారో, కొంత కోస్తారో రసీదు వెనుక షరతులు చదివి మాట్లాడతాము. అక్కడి నుంచి ఇంకో షోరూంకు పోయే ముందు ఇంటికి వచ్చి అత్తమ్మను ఎక్కించుకుంటాము. ఆమె కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని సరేనన్న తరువాతే ధర అడుగుతాను.