మనుషులే ముందు, చెక్క తర్వాత

అనంతపురంలో మా నూనె మిల్లుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసే కంపెనీ ఒకటుంది. లోపల అడుగు పెట్టగానే గోడ మీద పెద్ద అక్షరాలు: "మాకు మా మనుషులే ముందు". ఉద్యోగులను బాగా చూసుకుంటే వాళ్లు కస్టమర్లను బాగా చూసుకుంటారని ఓనరు గారి సిద్ధాంతం. మూడేళ్లుగా ఆ కస్టమరును నేనే కాబట్టి, నాకు కలిగిన లాభాలు నలుగురికీ చెప్పడం నా ధర్మం.

మొదటిది విద్యాదానం. శెనక్కాయలు ఆడిస్తే నూనె వస్తుంది, చెక్క మిగులుతుంది. ఆ చెక్క పశువుల దాణా. మొదట వచ్చిన కుర్రాడు దాన్ని కలప కింద ఎక్కించాడు. నెలాఖరుకు చూస్తే పాడి రైతులకు నేను టన్నులకొద్దీ కలప అమ్మినట్టు లెక్క తేలింది. "నాయనా, చెక్క అంటే బల్లలు చేసేది కాదు, బర్రెలు తినేది" అని కూర్చోబెట్టి చెప్పాను. తెలివైనవాడు, ఇట్టే పట్టుకున్నాడు. పట్టుకున్న మూడో నెలలో బెంగళూరు వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన అమ్మాయికి చెప్పాను. ఆ తర్వాతి కుర్రాడికీ చెప్పాను. ఇప్పుడు ఆ కంపెనీలో నా ఫైలు పూర్తిగా తెలిసిన సీనియర్ ఎవరయ్యా అంటే నేనే. తేడా ఒక్కటే, ఈ సీనియర్ జీతం తీసుకోడు, సాఫ్ట్‌వేర్ నిర్వహణకని ఏటా ఏఎంసీ ఫీజు కడతాడు.

ఎందుకు పోతున్నారని ఓనరును అడిగాను. "జీతాలదేముంది సార్, మేమంతా ఒక కుటుంబం" అన్నారు. నిజమే. మా వీధిలో మాత్రం ఏ ఇంటి పిల్లలు బెంగళూరు పోకుండా ఉన్నారు? హైవే ఎక్కితే నాలుగు గంటలు. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలంటుంది చట్టం. ఈ కుటుంబానికి ఇంతవరకూ ఆ ఖర్చు రాలేదు.

ఈ సిద్ధాంతానికి పెద్దలు లేకపోలేదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానాల కంపెనీని పెంచిన హెర్బ్ కెలెహర్ ఇదే చెప్పేవారు: ముందు ఉద్యోగి, తర్వాత ప్రయాణికుడు, ఆ తర్వాతే వాటాదారుడు. చెప్పడమే కాదు, అలాగే నడిపారు. ఆయన 2019లో పోయారు. 2025లో ఆ కంపెనీ తన చరిత్రలో తొలిసారి మూకుమ్మడిగా 1,750 ఉద్యోగాలు తీసేసింది. మా ఓనరు గారిది ఇంకా మెత్తని మనసు. ఎవరినీ తీసేయరు. వాళ్లే పోతారు.

మొన్న 19వ తేదీ సాయంత్రం చెక్క మళ్లీ కలపైపోయింది. మర్నాడే నెలవారీ పన్ను లెక్క, జీఎస్టీ 3బీ రిటర్ను, దాఖలు చేయడానికి ఆఖరు రోజు. కోపంగా వెళ్లాను. హాలు నిండా బుడగలు. నా ఫైలు నేర్చిన ఐదో కుర్రాడికి ఆరోజే వీడ్కోలు. కాగితం ప్లేటులో పెద్ద కేకు ముక్క పెట్టి నా చేతికిచ్చారు. మీసాలకు క్రీమ్ అంటిన మనిషి ఎంత అరిచినా ఎవరూ భయపడరని అప్పుడే తెలిసింది. ఓనరు గారు అద్దాల గదిలోంచే నమస్కారం పెట్టి ఫోను చెవికి ఆనించుకున్నారు. నా ఎదురుగా సోమవారమే చేరిన అమ్మాయి, చేతిలో నోటుబుక్కుతో. గోడ మీది మాటకు అర్థం అప్పుడు బోధపడింది. మనుషులే ముందు. ఓనరు వెనకాల, ఏసీలో.

"సార్, చెక్క అంటే టేకా, వేపా?" అంది.

రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని ఇద్దరం సరిచేశాం. మధ్యలో రెండుసార్లు ఇంటికి ఫోన్ చేసి "వస్తున్నా అమ్మా" అని చెప్పుకుంది పాపం. ఓవర్‌టైమ్ ఇస్తారా అని నేనే అడిగాను. నవ్వి ఊరుకుంది. కుటుంబంలో అలాంటివి అడగరు కదా.

పిల్ల మహా చురుకు. ఒక్కసారి చెబితే చాలు. అందుకే ఇంటికి రాగానే గుప్పెడు చెక్క పొట్లం కట్టి, తర్వాత రాబోయేవాళ్లకు చూపించడానికి అరలో దాచిపెట్టాను.