వెన్నులో పెరిగేది కాదు, తగ్గేది

షుగరుతో అరికాళ్లు మండేవారి ఫోనుల్లో, అమలాపురం నుంచి భీమవరం దాకా, ఒక సందేశం తెగ తిరుగుతోంది: ‘సూదులకు కరెంటు పెడితే వెన్నులో రోగనిరోధక శక్తి పెరుగుతుంది. చచ్చిన నరాలు బతుకుతాయి. ఇక మాత్రలు అక్కర్లేదు. ఏ హానీ లేదు.’ అడుగున ‘శాస్త్రవేత్తలు నిరూపించారు’ అన్న ముద్ర ఒకటి.

రోగనిరోధక శక్తి పెరుగుతుందన్నది పూర్తిగా తలకిందులు. వెన్నుపాములో మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలుంటాయి. కాలి నరం దెబ్బతింటే అవి రెచ్చిపోయి బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ వంటి పదార్థాలను వదులుతాయి. దాంతో నొప్పి సంకేతాలను అణచి ఉంచే ఏర్పాటు సడలిపోతుంది. పంచె అంచు తగిలినా భగ్గుమంటుంది. ఈ కణాల మీదుండే పీ2ఎక్స్4 అనే గ్రాహకాన్ని, అంటే సంకేతాలు అందుకునే ప్రొటీన్‌ను, అడ్డుకుంటే ఎలుకల్లో ఆ నొప్పి తగ్గుతుందని జపాన్ పరిశోధకులు 2003లో చూపారు. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ ప్రయోగాల్లో కనిపించిందీ ఆ బాపతే: మోకాలి దిగువన సూదులు గుచ్చి కొద్దిపాటి కరెంటు పంపితే మైక్రోగ్లియా ఉద్రేకం తగ్గింది. నిజంగా ఆసక్తికరమైన సంగతి. దాన్నే తిరగేసి అమ్ముతున్నారు.

ఇక ఆ ‘నిరూపణ’. ఈ కణాల సంగతి తేలింది ప్రధానంగా ఎలుకల్లో. తుంటి నుంచి కాలికి దిగే నరానికి దారంతో వదులుగా ముడులు వేసి, పాదానికి సన్నని తీగ ఆనించి, ఎంత ఒత్తిడికి కాలు లాక్కుంటుందో కొలుస్తారు. షుగరు జబ్బు ఏళ్ల తరబడి తినేసిన రైతు కాలు అలాంటిది కాదు. పైగా మగ చిట్టెలుకల నొప్పిలో మైక్రోగ్లియాది ముఖ్యపాత్ర అయితే, ఆడవాటిలో ఆ పని వేరే రోగనిరోధక కణాలదని 2015 నాటి పరిశోధన ఒకటి సూచించింది. మనుషుల మీద జరిగిన పరీక్షలను 2017లో వడబోసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల బృందం సమీక్ష, నరాల నొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందనో చేయదనో చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది.

చచ్చిన నరాలు బతకడమా? నొప్పి తగ్గడం వేరు, స్పర్శ తిరిగి రావడం వేరు. మంట తగ్గింది కదా అని దాళ్వా చేలో వట్టికాళ్లతో దిగితే నత్తగుల్ల కోసినా తెలియదు.

మాత్రలు మానేస్తే, షుగరు పెరిగి మళ్లీ పాడయ్యేవి ఆ నరాలే. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర చాలాకాలం వాడేవారిలో విటమిన్ బి12 తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు. అది రక్తపరీక్షలో తెలుస్తుంది. దానికి వేసే సూదికి కరెంటు అక్కర్లేదు.

హాని లేదన్న మాట, గుండె లయను కరెంటుతోనే నడిపే పేస్‌మేకర్ యంత్రం ఉన్నవారి ముందు అనకూడదు. స్పర్శ లేని పాదంలో సూది దిగిన చోట చీము పట్టినా తెలియదు. ఒకరికి వాడిన సూది మరొకరికి పనికిరాదు. గుండె జబ్బుందా, పాదంలో స్పర్శ ఉందా అని అడగకుండానే సూది తీసేవారి దగ్గర కాలు చాపకండి.