వంత పాడేవాళ్ల పాట

తెలుగులో రెండో గొంతుకు మర్యాద లేదు. నాయకుడు ఏం చెప్పినా తలూపేవాణ్ని ‘వంత పాడుతున్నాడు’ అంటాం. ఇంకాస్త చులకన చేయాలంటే ‘వాడు తానా అంటే వీడు తందానా’ అంటాం. పాటగాళ్ల వేదిక మీది మాటలే మనకు తిట్లయ్యాయి.

ఆ వేదిక మీద మాత్రం వంతలు తలూపి ఊరుకున్నది లేదు. బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు. కథకుడు తంబురా భుజానికెత్తుకుని కథ నడుపుతుంటే, పక్కన గుమ్మెటలు వాయించే ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ‘అదెట్లా?’ అని ఒకరు అడ్డం పడతారు. పల్నాటి యుద్ధం మధ్యలోకి ఇంకొకరు రేషన్ బియ్యాన్ని లాక్కొస్తారు. 1940ల్లో కమ్యూనిస్టుల కళాబృందం ప్రజానాట్యమండలి ఈ కళను పట్టుకుని ఊరూరా తిరిగితే నిజాం ప్రభుత్వం బుర్రకథ మీద నిషేధం పెట్టింది. సర్కారుకు కథ కన్నా ఆ అడ్డుప్రశ్నలే ఎక్కువ గుచ్చుకుని ఉంటాయని నా అనుమానం.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, హైదరాబాద్‌లో ఇద్దరేసి కలిసి కొత్త జానపదం పాడేవాళ్లు కనిపిస్తున్నారు. ఒక గిటారు, ఒక డప్పు, సొంతంగా రాసుకున్న పాటలు. బంజారాహిల్స్‌లో 2010లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక తెరిచాక చెట్టు కింద కూర్చుని చాయ్ తాగుతూ పాట వినే అలవాటు ఈ ఊరికి బాగానే పట్టింది. ఇద్దరే ఎందుకంటే లెక్క సులువు. ఒక ఆటోలో సరిపోతారు, వచ్చిన డబ్బు రెండు వాటాలే. నాకు ఆసక్తి అంతా ఆ ఇద్దరూ పాట ఎలా కడతారు, జనం ముందు దాన్ని ఎలా నడుపుతారు అన్నదాని మీదే.

పోయిన వానాకాలం ఒక ఇంటి డాబా మీద అలాంటి జంటను చూశాను. యాభై మందిమి ఉంటాం. అమ్మాయిది గిటారు, అబ్బాయిది డప్పు. మూడో పాటకే ముసురుకు డప్పు మెత్తబడింది. తోలు డప్పు మోగాలంటే కాచాలి. అతను డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల ఆమె కాళ్ల దగ్గర పెట్టి, పాత పేపర్లు చంకన పెట్టుకుని కిందికి దిగాడు. ఆమె ఒక్కతే మిగిలింది. కాస్త టెన్షన్ పడి, గిటారు పక్కన పెట్టేసి కొత్త పాట ఎత్తుకుంది.

లాస్ట్ మెట్రో పాయెనే ఉయ్యాలో
నా లగేజి మిగిలెనే ఉయ్యాలో

అక్కడ ఆగిపోయింది. ఆ చోట అతను ‘ఏమున్నదే అండ్ల?’ అని అడగాలి. అతనేమో కింద గేటు దగ్గర పేపర్లు ఊదుతున్నాడు. ఆమె మెట్ల వైపు చూసి నవ్వింది. వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ అందుకుంది: ‘ఏమున్నది బిడ్డా గా లగేజిల?’ ‘అమ్మ పెట్టిన తొక్కు పెద్దమ్మా ఉయ్యాలో’ అని పాట ముందుకు సాగింది. డప్పు పైకి వచ్చేసరికి డాబా అంతా వంతే.

బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ చేసే పని ఇదే. గుంపు దాన్ని అందుకునేలోపు ముందు పాడే ఆమెకు ఊపిరి దొరుకుతుంది, తర్వాతి మాట గుర్తొస్తుంది. రాకపోతే అక్కడికక్కడే అల్లేస్తుంది. పాట పుట్టే చోటు ఆ ఖాళీయే. ఇద్దరే పాడేటప్పుడు ఆ ఖాళీని కాపాడాల్సింది రెండోమనిషి.

మన కొత్త జంటలు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడుతున్నాయి. ఒకరు రాస్తారు, ఇంకొకరు ట్యూన్ కడతారు, వేదిక మీద ఇద్దరూ అవే మాటలను ఒకేసారి పాడేస్తారు. గొంతులు చక్కగా కలుస్తాయి, సినిమా కోరస్‌లా. గిటారుతో ఇంకో చిక్కు. మన ఊరి పాట నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతూ ఒకదాని మీంచి ఇంకోదానికి జారుతుంది. దాని కింద వరసగా కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) పేర్చుకుంటూ పోతే ఆ జారుడు కాస్తా మెట్లు దిగినట్టు అయిపోతుంది. డాబా మీది అమ్మాయి మిగతా పాటల్లో రెండు తీగల్నే తంబురాలా మోగిస్తూ, ఎప్పుడో ఒకసారి కార్డు మార్చింది. తెలిసి చేసిందో, అంతకన్నా రాక చేసిందో గానీ, చెవికి బాగుంది.

అమెరికాలో గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ అనే జంట ఉంది. వేదిక మీద ఎక్కువగా ఇద్దరే, రెండు గిటార్లే. 1996 నుంచి 2011 దాకా వచ్చిన ఐదు ఆల్బమ్‌ల మీదా ఆమె పేరే. అన్నిట్లోనూ అతనున్నాడు. ఆమె పాడుతుంటే 1935 నాటి చిన్న ఎపిఫోన్ గిటారు మీద ఆ వరసను కాస్త గీరుతూ, కాస్త ఎదిరిస్తూ ఉంటాడు. 2024లో సొంత పాటల ఆల్బమ్ మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి, దానికి గ్రామీ కూడా వచ్చింది. సొంత పాటల అట్ట మీద ఆమె పేరు పక్కన వంతగాడి పేరు ఎక్కడానికి ఇరవై ఎనిమిదేళ్లు!

లాస్ ఏంజెలెస్‌లో పెరిగిన పిల్లకు కొండ పల్లెల పాటలెందుకని వెల్చ్‌ను మొదట్లో విమర్శకులు దెప్పారు. మన దగ్గరా అదే మాట: కూకట్‌పల్లిలో పుట్టి, మడిలో కాలు పెట్టకుండా నాట్ల పాట ఏంటని. సగం న్యాయమే. నడుం వంచని మనిషి నాటు బాధ రాస్తే రెండో చరణానికే తేలిపోతుంది. కానీ ఈ పిల్లలకు తెలిసిన హాస్టల్ గదిలో, అమీర్‌పేట కోచింగ్‌లో, 2017 నుంచి తిరుగుతున్న మెట్రోలో పాటకు కరువేం లేదు. పాత బాణీలో కొత్త గోస పెట్టడం గద్దర్ 2023లో కన్నుమూసే దాకా చేసిందే. గొంగడి భుజాన వేసుకుని, పాట మధ్యలో ఆపేసి జనంతో మాట్లాడి మళ్లీ ఎత్తుకునేవాడు. ఆ మాటలు తీసేసి రికార్డు చేసినవి వింటే నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

మొన్న అదే జంటను ఇంకోచోట మళ్లీ చూశాను. డప్పుకు ఫైబర్ వేయించారు, కాచే పని లేదు. అమ్మాయి కాళ్ల దగ్గర లూప్ పెడల్ ఉంది, కాలితో నొక్కితే రికార్డు చేసింది మోగుతుంది. ‘ఏమున్నదే అండ్ల?’ అన్న ప్రశ్న అతని గొంతులోనే ముందుగా రికార్డు చేసి పెట్టుకున్నారు, టైముకు ఠంచనుగా వచ్చింది. మెట్రో పాట ఎక్కడా ఆగలేదు. వెనక వరుసలోంచి ఎవరూ ఏమీ అడగలేదు.