వాన నీళ్లు కొలవని లెక్కకు ఆమోదమా?

ఎండాకాలంలో చెన్నైలోని అడయారు నది నీళ్లు నాలుగు సీసాలు పట్టి, ఆ సగటును కంప్యూటర్ మోడల్‌కు ఎక్కించి, సముద్రానికి ఢోకా లేదని తేల్చే నివేదికలు ఇక చాలు. వానాకాలం మినహా ఏదో ఒక్క సీజను కొలిస్తే సరిపోతుందన్న వెసులుబాటు ప్రాజెక్టుల అనుమతికి ఇచ్చే ర్యాపిడ్ (త్వరిత) పర్యావరణ ప్రభావ నివేదికల పేరిట ఏళ్లుగా నడుస్తోంది. చెన్నైకి అది బొత్తిగా నప్పదు. ఇక్కడి నదులు నదుల్లా పారేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా.

వరదలో మురుగు పలచబడుతుందని, ఆ ఉద్ధృతిలో నమూనాలు తీయడం ప్రమాదమని ఆ నివేదికలను సమర్థించేవారి వాదన. ప్రమాదం నిజమే, కానీ వంతెన మీంచి తాడుతో బకెట్ దించొచ్చు. పలచబడుతుందన్న మాటే అసలు మోసం. సముద్రంలో చేరేది గాఢత కాదు, బరువు. లీటరుకు 1 మిల్లీగ్రాము నత్రజని ఉన్న నీరు సెకనుకు 1 ఘనపు మీటరు పారితే రోజుకు 86.4 కిలోలు. వేసవి మురుగులో 20 మిల్లీగ్రాములుండి ప్రవాహం 1 ఘనపు మీటరే అనుకుందాం: 1,728 కిలోలు. వరదలో అది 3కు పడిపోయి ప్రవాహం 200కు పెరిగితే దాదాపు 52 టన్నులు. పలచబడిన నీళ్లే ముప్పై రెట్లు మోసుకెళ్తాయి!

వేసవిలో అడయారు ముఖద్వారానికి ఇసుక మేట వేస్తుంది. లోపల నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అడుగంటితే, బురదలో ఇనుమును అంటిపెట్టుకున్న ఫాస్ఫేటు విడివడి నీళ్లలో కలుస్తుంది. పెద్ద వానకు మేట తెగితే ఆ నల్లనీళ్లు ఒక్కసారిగా బంగాళాఖాతంలోకి దూకుతాయి. వరద పూర్తిగా ఎక్కకముందే గాఢత పతాక స్థాయికి చేరొచ్చు. అందుకే నీళ్లు ఎక్కుతున్నప్పుడు రెండు మూడు గంటలకోసారి, పోటు తగలని ఎగువన, ప్రవాహంతో పాటే కొలవాలి. అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి ఐసులో పెట్టాలి. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కొలవడానికి ప్లాస్టిక్ సీసాయే వాడాలి, గాజులోంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది. నమూనాల కోసం నెలకోసారి వెళ్లే బండికి ఇవేవీ దొరకవు.

సిలికా పట్టింపు ఎందుకంటే, చేపల మేతకు మూలమైన డయాటమ్‌లనే సూక్ష్మ నాచులకు అణువుల లెక్కన నత్రజని ఎంతో సిలికా ఇంచుమించు అంత కావాలి. మన నగరి నది నీళ్లు కలిసే కుశస్థలి నదికి పూండి జలాశయం అడ్డం. అందులో సిలికా కొంత ఆగిపోతుంది, దిగువన నది సముద్రంలో కలిసే ఎన్నూరు వైపు మురుగు నత్రజని మాత్రం చేరుతూనే ఉంటుంది. ఆ తూకం చెడితే డయాటమ్‌ల చోట వేరే జాతులు పెరుగుతాయి. 2019 ఆగస్టులో చెన్నై బీసెంట్ నగర్ తీరాన నీలంగా వెలిగిన అలలు నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవివి. అలాంటి వాటిలో ఏ నది వాటా ఎంతో వానాకాలపు కొలతలు లేకుండా ఏ మోడలూ చెప్పజాలదు.

కొలవకపోవడం ఇక్కడ అలవాటైంది. మురుగు శుద్ధికి కేంద్రం 2015 ముసాయిదాలో పెట్టిన నత్రజని పరిమితి 2017 తుది ప్రమాణాల్లో మాయమైంది. లీటరుకు 10 మిల్లీగ్రాములని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పాల్సి వచ్చింది. వాన కొలవని నివేదికను ఒకసారి ఒప్పుకుంటే తర్వాతి ప్రాజెక్టు దాన్నే నజీరుగా చూపిస్తుంది, ఆ తర్వాతిది ఈ రెంటినీ. ఆమోద ముద్ర వేసే కమిటీలు ముందు ఒక్క ప్రశ్న అడగాలి: నవంబరు అంకెలేవి? లేకపోతే ఫైలు వెనక్కి పంపండి. అది కూడా అడగలేనివారు ఆ కుర్చీల్లో ఎందుకు?